ఎడమ దిక్కు లైటు

“అక్కా, నేను ఎండకు పెట్టిపోయినంక ఆ లైటును ఎవలన్న ముట్టిన్రా? నువ్వు ఆడనే ఉన్నవు గద. ఒక్క మాట చెప్పు.”

“నాకేం ఎర్కలేదు. నువ్వు పో తమ్మీ.”

గివే. నేను, నా తోడబుట్టినోడు మాట్లాడుకున్న ఆఖరి మాటలు గివే. మా ఆయన దినాలనాడు, ఇదే ఇంటి ముంగట, చుట్టాలందరు ఇనంగ. ఆ తర్వాత మా ఇద్దరి నడుమ మాట లేదు. వాడు సచ్చిపోలే. నేనూ సచ్చిపోలే. వాడు ఎనుమాముల దిక్కు ఉంటడు, నేను వరంగల్ల ఈ ఎనుక అర్రల ఉంట. ఆటో ఎక్కితె ఎంతసేపు? పోలే.

వాడు అడిగింది సక్కటి మాట. నేను చెప్పింది అబద్ధం. నాకు ఎర్కున్నది. అప్పుడు గూడ ఉన్నది, ఇప్పుడు గూడ ఉన్నది. గంత చిన్న మాట ఇన్నేండ్లు ఎట్ల మోసినవు అంటరేమో. బరువంటె నెత్తి మీది మూట లెక్క కాదు. మూటైతె ఏడనో ఒకకాడ దించి చెమట తుడుసుకుంటం. ఇది గొంతుల ఇరికిన చేపముల్లు. మింగితె దిగదు, కక్కితె రాదు. అన్నం తినంగ ఉంటది, నవ్వంగ ఉంటది, ఎవలన్న ‘మంచిదానివమ్మా’ అంటె ఇంక జర లోపటికి గుచ్చుతది.

ఇది సదివెటోళ్ళు ఎవలో నాకు తెల్వదు. తెల్వకపోవుడే మంచిది. తెల్సినోళ్ళ ముంగట నోరు రాకనే గద ఇంత దూరం వచ్చింది. నాకు సదువు లేదు. బస్సు మీది పేరు కూడబలుక్కోని సదువుత, గంతే. కాయితాల మీద వేలిముద్ర ఏసెదాన్ని. నేను చెప్తాన, మా స్వప్న రాస్తాంది. స్వప్న ఎవలంటె, నా తమ్ముని బిడ్డ. అవును, ఆ తమ్ముని బిడ్డనే. తనేం రాయబోతాందో దానికి ఇంక తెల్వదు.

రాయి బిడ్డా. నీ పేరు గూడ రాయి. నేను ఎట్ల చెప్తె అట్లనే రాయి, నా మాటకు సబ్బు పెట్టి కడగకు.

ఇయ్యాల రాఖీ పున్నం. ఈ దినం వస్తె నేను బజారు దిక్కు పోను. ఆడ అన్ని రాఖీల దుకాణాలే. పొద్దుగాల స్వప్న తన పెనిమిటి కారు ఏసుకోని ఒక్కతే వచ్చింది. హన్మకొండల ఉంటది. నేనుండేది మా బావ ఇంట్ల. బావ అంటె మా ఆయన అన్న. బావకు నా తమ్ముని మీద కోపం గని వాని పిల్ల మీద కోపం లేదు. ‘ఆడపిల్ల ఏం చేసింది పాపం’ అంటడు. వస్తె కూసొమ్మంటడు, చాయ పెట్టుమంటడు. వాళ్ళ నాయిన ముచ్చట మాత్రం ఎత్తడు. ఎత్తితె ఎక్కిరిచ్చెతందుకే ఎత్తుతడు.

ఇయ్యాల ఎత్తిండు. రెండు మూడొద్దుల సంది ఒకటే వాన. స్వప్న కారు ముంగటి లైటుల నీళ్ళు చేరినయ్. ముసలోళ్ళ కంట్లె పువ్వు పడ్డట్టు తెల్లగ ఆవిరి పట్టింది. బావ కుర్సీల కూసోనే సూసిండు.

“ఏమే స్వప్నా, లైటుల చేపలు పెంచుతాన్రా?”

“వానకు మామా. ఎవలకన్న సూపియ్యాలె.”

“సూపియ్యి, సూపియ్యి. మీ నాయినకు మాత్రం సూపియ్యకు. ఒక్కపారి సూసిండు, మాకది సాలు.”

అనుకుంట రెండు చేతులతోని కాలు లేపి పక్కకు పెట్టుకున్నడు. ఆ కాలు మోకాలు కాడ వంగది.

పిల్ల నవ్వినట్టు చేసి లోపటికొచ్చింది. నా మంచం మీద కూసున్నది. ఇగ అన్నది: “నాన్నకు సూపిచ్చిన అత్తా. సూడనన్నడు. దర్వాజ కాడ్నే నిలబడి, ‘నా చేతులు మంచియి కావు బిడ్డా, ఇంకెవలికన్న ఇయ్యి’ అన్నడు. ఇప్పటికి గూడ అదే అంటడు. అన్నీ సక్కగనే పెట్టిన, మరి ఆవిరి ఎట్ల నిలిచింది, ఎట్ల నిలిచింది అని. అన్నం ముంగట పెట్టుకోని మమ్ములను అడుగుతడు. మేమేం చెప్తం?”

ఎట్ల నిలిచిందో నాకు తెల్సు. ఈ భూమ్మీద నా ఒక్కదానికే తెల్సు.

గప్పుడు నేనన్న, కాయితం తీయి బిడ్డా అని.

మా ఆయనకు తెల్ల కారుండె. పెండ్లిళ్ళకు, దవాఖానలకు, పాలంపేటల గుడి సూడ పోయెటోళ్ళకు కిరాయికి నడుపుతుండె. అప్పుడు గూడ ఇదే ఇల్లు. ముందటర్రలు బావోళ్ళవి, ఎనుక అర్రలు మావి. మాకు పిల్లల్లేరు. ఆ కారునే పిల్ల లెక్క సూసుకునేది ఆయన. నా తమ్మునిది బండ్ల కరెంటు పని. మార్కెట్ తొవ్వల రేకుల డబ్బ ఏసుకున్నడు. లైట్లు, హారన్లు, బ్యాటరీలు. నిమ్మలంగ చేస్తడు, మాట తక్వ. మా ఆయన దానికి ఎదురు. నోరు గట్టిది. ప్రేమున్నా ఎక్కిరిచ్చుడే, కోపమొచ్చినా ఎక్కిరిచ్చుడే. ‘బామ్మర్దిని ఎక్కిరియ్యకపోతె నన్ను బావ అని ఎవలంటరు’ అనేది.

ఆ ఏడు వానలు దంచి కొట్టినయ్. కారు ఎడమ దిక్కు లైటుల నీళ్ళు చేరుడు షురువైంది. తమ్ముడు వచ్చి ఇప్పిండు, ఆరబెట్టిండు, బిగిచ్చిండు. మల్ల చేరినయ్. మల్ల చేసిండు. అద్దం అంచు పొంటి ఏడనో సన్నగ పగులున్నది, దొరుకుతలేదు, జర ఆగు బావా, కొత్తది తెచ్చి ఏద్దాం అన్నడు. ఇగ మా ఆయనకు నోటికి పనైంది. “నీ తమ్ముడు లైటు చేసిండా, చెరువు తవ్విండా? ఈపారి రెండు జెల్లలు ఇడిసిపెట్టుమను, పండుగకు కూరకైతయ్” అని నల్గురి ముంగట నన్నడిగేది. అందరు నవ్వెటోళ్ళు. నేనూ కొంగు అడ్డం పెట్టుకోని నవ్వేదాన్ని. లోపట మాత్రం కాలేది. అమ్మగారి దిక్కు నాకున్నది వాడొక్కడే. వాణ్ణి నవ్వుతె నా కన్నోళ్ళను నవ్వినట్టే ఉండేది.

దసరా దగ్గరపడ్డది. ఆయన ఇగ నవ్వులాటకు అనలే, నిజంగనే అన్నడు. “ఈపారి గిట్ల నీళ్ళొస్తె వాడు నా కారు ముట్టద్దు. జమ్మి ఇయ్య గూడ రావద్దు.” దసరానాడు పొద్దుగూకంగ జమ్మి ఆకు చేతుల పెట్టి కాళ్ళు మొక్కుడు మాకు ఎంత పెద్దదో మీకు తెల్సు. పగోడు గూడ ఆ దినం గడప తొక్కుతడు. నా తమ్ముడు తొక్కద్దంట. ఒక లైటుకు.

మరునాడు వాన ఎలిసి ఎండ కొట్టింది. తమ్ముడు వచ్చిండు. లైటును కారుల నుంచి ఊడగొట్టిండు. ఎనుక పెద్ద రబ్బరు మూత తీసి, బల్బు తీసి పక్కకు పెట్టిండు. అరుగు మీద గోనెసంచి పరిసి, అద్దం కిందికి చేసి ఎండకు పెట్టిండు. నేను ఆడనే బియ్యం ఏరుతాన.

“అక్కా, ఇటు సూడు. ఎనుక ఈ సన్న బెజ్జం కనబడ్తాందా? ఇది దీని ముక్కు. లైటు ఏసినప్పుడు లోపట గాలి కాగి ఉబ్బుతది, దీంట్లెకెల్లి బయటికి పోతది. సల్లారినప్పుడు మల్ల గుంజుకుంటది. నీళ్ళు చేరినా గిట్లనే ఆవిరై పోవాలె. దీన్ని గిట్ల…”

వాని ఫోను మోగింది. ఎవలదో బండి తొవ్వల ఆగిందంట. “సగం పొద్దుకల్ల వస్త, జర కనిపెట్టు” అని ఉరికిండు. నేను ‘ఊఁ’ అన్న. ఇన్ననా? ఇన్న. ముక్కు అన్నది ఇన్న, ఊపిరి అన్నది ఇన్న. ఇని ఏం అనుకున్న? లైటుకు ముక్కేంది, వీడు సిన్నప్పటి సంది గిట్లనే కతలు చెప్తడు అనుకున్న. ఇన్నది మనసుకు పట్టిచ్చుకోకపోవుడు తప్పు కాదా? తప్పే. గని అది పెద్ద తప్పు కాదు. పెద్దయి ఇంక ముందటున్నయ్.

నాకొక విద్య ఉన్నది. కారే గిన్నె, కారే డ్రమ్ము, కారే పైపు ఏదిచ్చినా బందు చేస్త. దుకాణాల రెండు ముద్దల మందు దొరుకుతది, నల్లదొకటి తెల్లదొకటి. రెండు కలిపి పిసికి పెడితె గంటకల్ల రాయైతది. ఈ వాడకట్టుల ఎవల బకీటు పగిలినా నా దగ్గరికే తెచ్చేటోళ్ళు. నేను పెట్టిన అతుకు ఊడింది లేదు. సందు కనబడ్డదా, మూయాలె. నాకు తెల్సిన లోకం గంతే.

ఎండల ఆ లైటును సూసుకుంట కూసున్న. నీళ్ళు ఎటుకెల్లి వస్తానయి అని వాడు నెలల సంది దేవులాడుతాండు. నాకు ఎదురుంగనే బెజ్జం కనబడ్తాంది. చీమ దూరెంత బెజ్జం. గిదే గద! వీడు దీన్ని ముక్కు ముక్కు అంటాండు, దీంట్లెకెల్లే నీళ్ళు పోతానయ్. నేను మూస్తె అయిపాయె. మా ఆయన నోరు మూతపడ్తది, నా తమ్ముడు జమ్మి ఇయ్యొస్తడు.

మందు పిసికిన. ఆ బెజ్జంల కూరిన. పైన తడి చేసి నున్నగ రాసి, బొటనవేలుతోని ఒత్తిన. అది బూడిద రంగుకొచ్చింది, నల్ల లైటు మీద కొట్టొచ్చినట్టు కనబడ్తాంది. వాడు సూస్తె అక్క నన్ను దిద్దింది అని సిన్నబోతడు గద అని, పెనం అడుగు మసి తీసి పూసిన. ఇగ ఎవలకు తెల్వదు.

ఈ మసి కాడికి వస్తె నేను ఆగుత. మంచి పనే చేస్తానని అనుకున్నదాన్ని, మసి ఎందుకు పూసిన? వాడు సిన్నబోవద్దనా? లేకుంటె, తప్పని లోపట ఏడనో తెల్సా? నన్ను నేను ఎన్నోపార్లు అడుగుకున్న. ఒక్కోపారి ఒక్కో జవాబొస్తది. ఏ జవాబుకూ నిద్ర పట్టదు.

తమ్ముడొచ్చిండు. లోపట అద్దం తళతళ మెరుస్తాంది. సంబురపడ్డడు. మా ఆయన ‘కానియ్యి, కానియ్యి, కిరాయి ఉన్నది’ అని నెత్తి మీద నిలబడ్డడు. వాడు బల్బు పెట్టి, మూత పెట్టి, లైటు బిగిచ్చిండు. బెజ్జం దిక్కు సూడలే. సూస్తె దొరుకుతుండె గద, వాడెందుకు సూడలే అని నా మనసు ఇప్పటికి అంటది. సూసిన్రా? ఇప్పటికి గూడ వాని మీదికే నూకుతాంది.

రాయుడు ఆపినవేందే? రాయి. నేను నీ దిక్కు సూస్తలేను, గోడ దిక్కు సూసి చెప్తాన. నువ్వు గూడ కాయితం దిక్కే సూడు. ఏడుస్తె ఏడువు, గని అచ్చరాలు తడవనియ్యకు.

పండుగ పొద్దుగాల కారును పైపు పెట్టి కడిగిన్రు. బొట్లు పెట్టిన్రు, గుమ్మడికాయ కొట్టిన్రు, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిచ్చిన్రు. పొద్దుగూకంగ తమ్ముడు జమ్మి పట్టుకోని వచ్చిండు. మా ఆయన వాణ్ణి అలాయ్ బలాయ్ తీసుకోని, “ఈపారి చేపలు దొరకలేదుర బామ్మర్దీ, కోడే గతి” అన్నడు. ఇద్దరు ఒక్క కంచం కాడ తిన్నరు. నాకు ఆ దినం ఎంత గర్వమనిపిచ్చిందో. నేనే గద అతికిన వీళ్ళిద్దరిని అని.

తెల్లారి పగటీలి, బావ అత్తగారింటికి నర్సంపేటకు జమ్మి ఇయ్య పోదామని అన్నదమ్ములిద్దరు బయల్దేరిన్రు. నేను సంచి అందిచ్చెతందుకు ముందటికి వచ్చిన. ఎడమ దిక్కు లైటు సూసిన.

లోపట నీళ్ళ బొట్లు. అద్దం నిండ సన్నటి బొట్లు, ఎనుక తెల్లగ పొగ. కడిగిన నీళ్ళు ఆ పగులులకెల్లి లోపటికి పోయినయ్. పోయినయ్ గని బయటికొచ్చే తొవ్వ లేదు. తొవ్వ నేను మూసిన.

అప్పుడు నాకు తమ్ముని మాట యాదికొచ్చింది. ముక్కు. ఊపిరి. వచ్చింది. యాదికి రాలేదు అంటె అది ఇంకో అబద్ధమైతది.

ఒక్క మాట అంటె సరిపోయేది. ‘లైటు మసకున్నది, జర ఆగున్రి, తమ్మున్ని పిలుస్త’ అంటె అయిపోయేది. అనలే. అంటె మా ఆయన మల్ల మొదలుపెడ్తడు. నిన్న అలాయ్ బలాయ్ తీసుకున్న చేతితోనే వాణ్ణి నూకుతడు. వాడొచ్చి ఇప్పుతడు, అతుకు సూస్తడు. ఇదంత కన్ను మూసి తెరిసేంతల నా లోపట తిరిగింది. పగటీలి గద పోతానది, పొద్దుండంగనే వస్తరు గద అనుకున్న. కొంగు తీసి లైటును తుడిసిన. పైన తుడుస్తె ఏమైతది? ఆవిరి లోపట ఉన్నది.

“ఏందే, కారుకు దిష్టి తీస్తానవా?” అని నవ్విండు ఆయన. నేనూ నవ్విన.

పొద్దుండంగ రాలే. నర్సంపేటల ఆగుమన్నరు, తినుమన్నరు. వచ్చేటప్పుడు పొద్దుగూకింది, వాన పట్టుకున్నది. తొవ్వల ఎడమ దిక్కు అంచుకు పత్తి ట్రాలీ ఆగి ఉన్నదంట. దానికి ఎనుక లైటు లేదు. మా ఆయనకు దగ్గరికి వచ్చేదాక కనబడలే. కనబడ్డంక కుడి దిక్కుకు కోసిండు. కారు తొవ్వ దాటి పోయి మోరీ గోడకు కొట్టుకున్నది. కుడి దిక్కు ముద్దైంది. ఆయన ఆడనే పాయె. బావ కాలు ఇరికింది.

దవాఖానల కండ్లు తెరిసినప్పటి సంది బావది ఒకటే మాట. ఎడమ లైటు అన్నం గంజు మీది మూత లెక్క ఆవిరి పట్టి ఉన్నది, అటు దిక్కు తొవ్వే కనబడలే. ‘మసకున్నదిర’ అని నేను అన్న, ‘మొన్ననే బామ్మర్ది చేసిండన్నా, ఫికర్ లేదు’ అన్నడు అని.

ఫికర్ లేదు అన్నడంట. నా అతుకును నమ్మి అన్నడు. తమ్ముని పనని అనుకోని అన్నడు.

ట్రాలీ ఆగుడు తప్పు కాదా, దానికి లైటు లేకపోవుడు తప్పు కాదా, వానల ఆయన అంత జోరుగ నడుపుడు తప్పు కాదా? ఇవన్ని నేను ఎంచుకున్న. ఎన్నెంచినా నా ముద్ద నాకు మిగులుతాంది. లైటు మంచిగుంటె బతికెటోడా? తెల్వదు. తెల్వదు అన్నదే నా శిక్ష.

కారును గుంజుకొచ్చి ఇంటి ముంగటి జాగల పెట్టిన్రు. కుడి దిక్కు లేదు. ఎడమ లైటు మాత్రం పగలలే, గీత పడలే. లోపట ఆ బొట్లు అట్లనే ఉన్నయ్. నా దిక్కే సూస్తానట్టు ఉండేది.

మూడో దినం మొగోళ్ళందరు ఆయన పేరు మీద పిట్టకు పిండం పెట్ట పోయిన్రు. ఆడోళ్ళు వాకిలి ఎనుక తానాలకు పోయిన్రు. కొత్తగ ముండమోసినదాన్ని, నన్ను అర్ర దాటద్దన్నరు. దాటిన. కారు ముంగటి రేకు లేసి ఉన్నది. కత్తెర తీసుకోని, లోపటికి చెయ్యి పెట్టి, లైటు ఎనుక నేను పెట్టిన ముద్దను పెకిలిచ్చిన. ఊడుతలేదు. నేను పెట్టినది గద, ఊడది. వేలు కోసుకున్నది, నెత్తురు కారింది, అయినా ఇడిసిపెట్టలే. ఊడినంక కొంగుల మూటగట్టుకోని లోపటికొచ్చి కూసున్న.

ఎందుకు పెకిలిచ్చినవు అంటరు. నా తమ్ముడు మూసిండని అనుకుంటరేమో అని, వాణ్ణి కాపాడెతందుకే అని ఆ దినం నాకు నేను చెప్పుకున్న. ఎంత తియ్యగ చెప్పుకున్ననో. భయానికి తమ్ముని పేరు పెట్టిన, గంతే.

రెండొద్దులు ఎండ కొట్టింది. లైటుల బొట్లు ఒక్కొక్కటి పోయినయ్. నేను కిటికీల నుంచి సూస్తనే ఉన్న. బెజ్జం తెరుసుకోంగనే ఆవిరి దానంతటదే ఎల్లిపోయింది. ఆఖరికి అద్దం తళతళ. వాడు చెప్పింది అచ్చరం పొల్లు పోలే.

దినాలనాడు తమ్ముడు వచ్చి, అందరు తిట్టంగనే కారు కాడికి పోయిండు. లైటు ఊడగొట్టిండు. ఎనుక అంత దేవులాడి సూసిండు, ఆ దినం సూడనిది. మూత సక్కగున్నది. బెజ్జం తెరిసున్నది. అద్దం తేటగున్నది. ఏ తప్పూ లేదు. తప్పు దొరుకుతె మనిషి ఏడుస్తడు, మొక్కుతడు, ఎట్లనో బతుకుతడు. తప్పు దొరకనోడు ఏం చెయ్యాలె? బావ మంచంల నుంచి ఒర్రుతాండు, ‘నా రెండు కండ్లతోని సూసినర’ అని. వాడు లైటును చేతుల పట్టుకోని, సంటిపిల్లను ఎత్తుకున్నట్టు పట్టుకోని, నా దగ్గరికి వచ్చిండు. వచ్చి అడిగిండు. ఏమడిగిండో మొదలే చెప్పిన. నేనేమన్ననో గూడ చెప్పిన.

వాడు నా మొఖం దిక్కు జరసేపు సూసిండు. లైటును అరుగు మీద పెట్టిండు, అద్దం కిందికి చేసి. పోయిండు.

డబ్బ బందు పెట్టిండు. మార్కెట్‌ల మిరప బస్తాలు మోస్తాండు. మిర్చి ఘాటుకు దగ్గు పట్టుకున్నదంట. స్వప్న చెప్పింది. అప్పుడు బడికి పోయే పిల్ల ఇది, ఇప్పుడు పెండ్లై కారు నడుపుతాంది. గన్నేండ్లు వాడు రాఖీ పున్నంనాడు తానం చేసి, కుడి చెయ్యి మోకాలు మీద పెట్టుకోని ఊకె కూసుంటడంట. ఎవలూ కట్టరు. జరసేపటికి లేసి పనికి పోతడంట.

మరి ఎందుకు చెప్పలేదు? చెప్తె బావ ఎల్లగొడ్తడనా? మొదట్ల అదే భయం. తర్వాత అది పోయింది, దానికన్న పెద్దది వచ్చింది. బావ నన్ను కడుపుల పెట్టుకోని సూసుకున్నడు. వంగని కాలుతోని నా మందులకు తిరిగిండు. తన పిల్లల కన్న ముందు నాకు చీర తెచ్చిండు. ‘నీ పుస్తె తెంపినోడు నా గడప తొక్కడు, నేను బతికున్నంత కాలం’ అన్నడు. నా కోసం నా తమ్ముణ్ణి ఎల్లగొట్టిండు. నన్ను నా నుంచే కాపాడుతాండు. ఆ మంచితనం ఈ అర్రకు తాళమైంది. చెడ్డోడైతె ఎన్నడో చెప్పి ఎల్లిపోతుంటి. మంచోని ముంగట నోరు ఎట్ల తెరువను? ఇగ వానలొచ్చినయంటె ఈ కిటికీ అద్దాలకు లోపట ఆవిరి పడ్తది. నేను కొంగుతోని తుడుస్త. మల్ల పడ్తది. ఊపిరి నాదే గద, యాడికి పోతది?

స్వప్నా, నీ కారు లైటుకు ఏం చెయ్యాల్నో చెప్త, ఇది గూడ రాయి. ఎనుక మూత తీపిచ్చు. అద్దం కిందికి చేసి ఎండకు పెట్టిపిచ్చు. సన్న బెజ్జం ఉంటది, దాంట్ల మన్ను ఉంటె ఊదుమను. ఎవలు చెప్పినా దాన్ని మాత్రం మూయనియ్యకు. ఇది నాది కాదు, మీ నాయిన విద్య.

నన్ను మన్నిచ్చున్రి అని రాయకు. ఆ మాట నేను చెప్పలే. మన్నిచ్చెతందుకు మా ఆయన లేడు, మీ నాయినను అడిగే మొఖం లేదు, నువ్వు సిన్నపిల్లవు, నిన్ను నేను అడుగను. ఊకె చెప్తాన. చెప్పినంక ఏమైతదో తెల్వదు. గొంతుల ముల్లు మాత్రం కదిలినట్టు అనిపిస్తాంది. నొప్పి పోలే. కదిలింది.

కింద నా పేరు పెట్టకు. వేలిముద్ర గూడ ఏస్తలేను. ఆ ఉప్పు డబ్బ ఎనుక సీసున్నది, తీయి. దాంట్ల ఆ ముద్దనే ఉన్నది. ఇన్నేండ్లు పారెయ్యలేకపోయిన. మసి కింద సూడు, నా బొటనవేలు గీతలు అట్లనే పడి ఉన్నయ్. నేను పెట్టిన ముద్రల గిదొక్కటే నిజమైంది. కాయితంతోని ఇది గూడ మీ నాయినకు ఇయ్యి. ఎట్ల నిలిచింది, ఎట్ల నిలిచింది అని అడుగుతడు గద. గిట్ల నిలిచింది అని చేతుల పెట్టు.

అయిపాయె. కండ్లు తుడుసుకో. ఇప్పుడు మొదటి కెల్లి సదివి ఇనిపియ్యి. మెల్లగ కాదు. నీది మీ నాయిన గొంతే, జర గట్టిగ సదువు. బావ ముందటర్రల కూసున్నడు. నడిమి తలుపు ఇప్పుడు నేనే తీసి పెట్టిన.